కంపలకు కట్టిన జబ్బులు

మా మాస్టారికి ఆ కంపంటే ప్రాణం. నడుమెత్తు పొద. దళసరి ఆకు, సాయంత్రం పూట మాత్రమే వాసన వేసే చిన్న తెల్లపువ్వు. దానికి లాటిను పేరు ఒకటుంది కానీ నాకు ఇప్పటికీ నోరు తిరగదు. భీమిలి దగ్గర ఇసుకదిబ్బల మీద ఒకప్పుడు దండిగా ఉండేదట. పచ్చిగా ఉన్నా భగ్గున మండుతుంది గనక తీరపు ఆడవాళ్ళు పొయ్యిలోకి నరికి నరికి దాన్ని దాదాపు మాపేశారు. వాళ్ళను నేను తప్పు పట్టను. పొయ్యి వెలగని ఇంట్లో వృక్షశాస్త్రం ఎవరికి కావాలి? కానీ మాస్టారు మాత్రం ఆ దిబ్బల వైపు పోయి వచ్చిన రోజున అన్నం సరిగా తినేవారు కాదు.

ఆయన మా ఊరి కాలేజీలో సైన్సు చెప్పేవారు. నేను ఆయన దగ్గర చదువుకున్నవాణ్ణే. ఆనాటికి నా పని ఉపన్యాసాలివ్వడం, సంస్కరణ పత్రికలకు రాయడం, పంతుళ్ళతో వాదించడం. జాతకాల మీద, దిష్టి మీద, మడి మీద, ముహూర్తాల మీద సభలు పెట్టి చెడామడా మాట్లాడేవాణ్ణి. ఎదుటివాళ్ళు నోరు మూసుకుని లేచిపోతే గెలిచాననుకునేవాణ్ణి. లేచిపోయినవాడు ఇంటికి పోయి మళ్ళీ జాతకమే చూపించుకుంటాడని అప్పట్లో తట్టలేదు.

పంతొమ్మిదివందల ఇరవైల చివర ఒక వేసవిలో, అరకు కొండల్లో అదే కంప ఉందని మాస్టారికి ఎవరో చెప్పారు. తీరాన చచ్చిన మొక్క కొండమీద బతికుంటే, దాని గింజలు తెచ్చి మళ్ళీ దిబ్బల మీద నాటవచ్చని ఆయన ఆశ. "నీ గొంతుకు కొంచెం విశ్రాంతి ఇచ్చి నాతో రా" అన్నారు. వెళ్ళాను. శృంగవరపుకోట దాకా బండి, అక్కడి నుంచి ఘాటీ ఎక్కడం కాళ్ళతోనే.

లోయ దాటాక ఒక చిన్న ఊరు. ఊరి పెద్ద మాకు ఒక ఖాళీ పాక ఇచ్చాడు. మనిషి నెమ్మది, మాట మాత్రం చురుకు. ఆ ఊరి వెనక కొండవాలు మీద చలికాలంలోనే చెట్లు నరికేసి ఎండబెట్టి ఉంచారు. పోడు. తొలి వానకు ముందు వాటిని తగలబెట్టి, ఆ బూడిదలో చోళ్ళు, సామలు, కందులు చల్లుతారు. ఆ వాలుకు అడ్డంగా ఎండిపోయిన వాగు ఒకటి, గెడ్డ అంటారు అక్కడ, దానికి రెండు వైపులా రాళ్ళు. ఆ రాళ్ళ మధ్య మాస్టారి కంప. ఒకటీ రెండూ కాదు, వరసగా.

మాస్టారు మొదటి పొద దగ్గర మోకాళ్ళ మీద కూర్చుండిపోయారు. ఆకు తుంపి వాసన చూశారు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, మళ్ళీ పెట్టుకుని చూశారు. "ఉందిరా" అన్నారు. అంతే. అంత పెద్దమనిషి ముఖంలో అంత సంతోషం నేను అంతకుముందు చూడలేదు.

లెక్క మొదలుపెట్టాం. పొదలు ఒకదానిలోకి ఒకటి అల్లుకుని ఉన్నాయి. లెక్కపెట్టినదాన్నే మళ్ళీ లెక్కపెట్టకుండా గుర్తు కావాలి. నా దగ్గర ఎర్రంచు పాత పంచె ఉంటే పేలికలుగా చింపి, లెక్కలోకి వచ్చిన ప్రతి పొదకూ ఒకటి కట్టుకుంటూ పోయాను. ఆ రోజు ఊరివాళ్ళు చాలామంది పక్క ఊరి పెళ్ళికి పోయారు. వాలు మీద మేమిద్దరమే. పొద్దువాలే వేళకు గెడ్డ పొడుగునా నా పంచె రెపరెపలాడుతోంది. చూడముచ్చటగా ఉందనుకున్నాను.

తెల్లారి మా పాక దగ్గరికి ఒక్కరూ రాలేదు. నీళ్ళు పోసే మనిషి కూడా రాలేదు. బయటికి వచ్చి చూస్తే ఊరు ఊరంతా దూరంగా నిలబడి ఉంది. ఊరి పెద్ద కాస్త ముందుకు వచ్చి, అక్కడే ఆగి అడిగాడు.

"ఇన్ని జబ్బులు ఏ ఊరివి బాబూ?"

నాకు అర్థం కాలేదు. అతనే చెప్పాడు. వాళ్ళలో ఎవరికైనా జబ్బు వస్తే, రోగికి తాకించిన గుడ్డపేలిక ఒకటి ఊరి పొలిమేర దాటించి పొదకు కట్టేస్తారు. జబ్బు ఆ పొదలో ఉండిపోతుంది. ఆ పొదను ముట్టినవాడికి అంటుకుంటుంది. అందుకని ఆ చోట ఎవరూ కత్తి పెట్టరు, నిప్పు పెట్టరు. నిప్పు పెడితే జబ్బు పొగలో లేచి ఊరి మీద పడుతుంది. ఇది అక్కడ చీమకు కూడా తెలిసిన సంగతి. అటువంటిది, పల్లం నుంచి ఇద్దరు పెద్దమనుషులు వచ్చి, ఎవరూ లేని రోజు చూసి, వాలు పొడుగునా కట్టిపోయారు.

"మా ఊళ్ళో ఒకడికి జొరం వొత్తే ఒక పేలిక కడతాం. మీ పల్లపోల్లకి ఇన్ని రోగాలేటి?" అన్నాడు పెద్ద. వెనక ఎవరో నవ్వారు. పెద్ద మాత్రం నవ్వలేదు.

ఇంక నేనూరుకుంటానా? మెట్టు మీద నిలబడి మొదలుపెట్టాను. జబ్బు గుడ్డలో ఉండదు, పొదలో ఉండదు, మన్యం జ్వరం దోమ కుడితే వస్తుంది, ఇది గుడ్డిగా నమ్మే మాట కాదు, రుజువైన సంగతి, అంటూ సభల్లో చప్పట్లు కొట్టించిన ధోరణిలో చెప్పుకుపోయాను. ఓపికగా విన్నారు.

"మరి గుడ్డలెందుకు కట్టినావు?" అన్నాడు పెద్ద.

"లెక్కకి."

"సెట్టుకి లెక్కేటి బాబూ? ఎల్లిపోద్దేటి రేత్రికి?"

ఈసారి అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. కానీ నవ్వు ఆగాక ఒక్కరూ అడుగు ముందుకు వెయ్యలేదు.

అప్పుడు కనిపించింది ఆమె. పాతికేళ్ళు ఉంటాయేమో. పక్కన మొగుడు, నూనూగు మీసాల మనిషి, గొడ్డలి భుజాన వేసుకుని ఏం చెయ్యాలో తోచక నిలబడ్డాడు. ఆ వాలు వాళ్ళది. అత్తమామల నుంచి వేరుపడి మొదటిసారి సొంతంగా కొట్టుకున్న పోడు. చలికాలమంతా ఇద్దరే ఆ చెట్లు నరికారు. ఊరి పెద్ద ఆమె మొగుడికి చిన్నాన్న.

"మావా, నా కొండ నాను కాల్సుకోవాలా వొద్దా?" అని అడిగింది పెద్దని. అరవలేదు, ఏడవలేదు. "వానొచ్చి తడిసిపోతే ఆ కొయ్య కాలదు. కాలకపోతే గింజెక్కడ సల్లమంతావు? ఏడాది పొడుగునా నీ ఇంట కూకుని తినమంతావేటి?"

"జబ్బులున్న కొండ కాలిత్తే ఊరు పోద్దే గుంటా" అన్నాడు పెద్ద.

మాస్టారు నా చెయ్యి పట్టి పాకలోకి లాగారు. గొంతు తగ్గించి ఇంగ్లీషులో మాట్లాడారు. ఆయన ఇంగ్లీషులోకి దిగితే మనసులో ఏదో ఇరుకున్నట్టు. సారాంశం ఇది: పేలికలు ఉన్నంత కాలం ఈ పొదల జోలికి ఎవరూ రారు. ఏ సర్కారు ఉత్తర్వూ ఇంత కాపు కాయదు. వదిలెయ్.

ఆయన్ని నేను తండ్రిలా చూసేవాణ్ణి. అయినా ఒళ్ళు మండింది. "మీ కంప బతకడానికి ఆవిడ పస్తుండాలా? పంతుళ్ళు చేసే పని ఇదే కదండీ, జనం భయం మీద తమ పబ్బం గడుపుకోవడం. వాళ్ళను తిట్టిన నోటితో దీన్ని నేనెలా ఒప్పుకోను?"

మాస్టారి ముఖంలో కోపం లేదు, పోగొట్టుకోబోయేవాడి దిగులు ఉంది. "నిజమే. అయితే పొలమూ దక్కి పొదా దక్కే దారి ఏదైనా ఉంటే చెప్పు. ఉపన్యాసం వద్దు" అన్నారు.

దారి నేను చెప్పలేదు. ఊరి పెద్ద చెప్పాడు, అదీ నన్ను ఆటపట్టిస్తూ. "గుడ్డల్లో ఏటీ లేదంతన్నావు కదా? అయితే నువ్వే ఇప్పు. ఇప్పి నీ ఒంటికే కట్టుకో. వొచ్చే సంత దాకా మా ఊళ్ళోనే ఉండు. నీకు జొరం రాకపోతే ఈ గుంట కొండ కాల్సుకుంటాది. వొత్తే, ఆ కొండ ముట్టుకోం."

నేను ఎగిరి గంతేశాను. ఇన్నేళ్ళ వాదాల్లో ఒక్క పంతులు కూడా, పద, పరీక్ష చేసి చూద్దాం అన్న పాపాన పోలేదు. ఈ కొండమనిషి అన్నాడు! సరేనన్నాక మాస్టారి ముఖం చూశాను. పాలిపోయి ఉంది.

"మన్యం జ్వరం మాట మరిచావా?" అన్నారు.

మరిచాను. పల్లం నుంచి వచ్చి ఆ కొండల్లో రాత్రిళ్ళు పడుకున్నవాడు జ్వరం తెచ్చుకోకుండా దిగడం అరుదు. పేలికల్లో ఏమీ లేకపోయినా దోమలో ఉంది. దోమ కుట్టి నాకు జ్వరం వస్తే అది పేలికల పద్దులోకే పోతుంది. ఆవిడ పొలమూ పోతుంది. నేను ఒప్పుకున్నది తప్పుడు పరీక్ష. కానీ మాట ఇచ్చేశాను, మరో పరీక్ష ఎవరూ ఇవ్వడం లేదు.

మాస్టారు ఆ సందులోనే తన మాట అడిగేశారు. కొండ కాల్చుకునే రోజు వస్తే, గెడ్డ పక్కనున్న ఆ పొదలు వదిలెయ్యమని. ఆవిడ ఆయన్ని వింతగా చూసింది.

"నాకేటడ్డు? ఆడ రాళ్ళే. ఒగ్గేత్తాను. నానొగ్గినా మంట ఒగ్గదు కదా బాబూ."

దానికి దారి ఆమె మొగుడు చెప్పాడు. పొదల వరసకూ నరికిన కొయ్యకూ మధ్య ఆకూ అలమూ లేకుండా బారుగా చెక్కితే మంట దాటదట. కానీ సంత వెళ్ళేదాకా ఆ వాలు మీద కాలు పెట్టే ధైర్యం ఎవరికీ లేదు. చెక్కితే మేమిద్దరమే చెక్కాలి.

అలా నా మెడకు, మోచేతులకు, నడుముకు ఎర్రంచు పేలికలు చుట్టుకుని, సైన్సు మాస్టారితో కలిసి కొండవాలు మీద నేల చెక్కే గొప్పు పట్టాను. ఆవిడ మొగుడు పైగట్టున నిలబడి కేకలు వేసి చెప్పేవాడు. "ఆకులు పైకి లాగకండి, కిందికి లాగండి! మాస్టారు బాబు బాగానే సేత్తన్నాడు. నువ్వు గొప్పు పట్టినట్టు లేదు, ఇసనకర్ర పట్టినట్టుంది!" నా చేతులు బొబ్బలెక్కాయి. మాస్టారికి నడుం పట్టేసింది. అయినా ఆయన ఒక్కో పొద పక్కకు చేరినప్పుడల్లా దానితో ఏదో చెప్పుకునేవారు. ఇంత సుఖంగా నేను ఏ పనీ చెయ్యలేదని అప్పుడే అనిపించింది. సాయంత్రం ఆ పూలు వాసన వేసే వేళకు మేము రాళ్ళ మీద చేరగిలబడి ఊరి పొగ చూస్తూ ఉండేవాళ్ళం.

నా ఆరోగ్యం ఆ కొన్నాళ్ళూ నా సొంతం కాదు. ఆవిడది. పొద్దుగూకితే మా పాక వాకిట్లో వావిలాకు, వేపాకు వేసి పొగ పెట్టేది. నేను చెప్పిన దోమ మాట ఆవిడ నమ్మిందో లేదో తెలియదు. దాని వల్ల నష్టం లేదు గనక వాడుకుంది. మాస్టారు జ్వరం రాకుండా కొయినా మాత్రలు మింగించేవారు, తన దోమతెర నాకిచ్చి తాను దుప్పటి ముసుగు పెట్టుకునేవారు. ఒకసారి ఆ పొగకు నేను తుమ్మాను. వాకిట్లో ఉన్నవాళ్ళంతా ఒక్కసారి ఇటు తిరిగారు.

"పొగకి తుమ్మినాడు!" అని ఆవిడ అందరికీ వినబడేలా చెప్పింది. తరవాత నా వైపు తిరిగి గొంతు తగ్గించి, "మళ్ళీ తుమ్మకు బాబూ, నీకు దణ్ణమెడతాను" అంది.

రోజూ మధ్యాహ్నం పడమటి కొండల మీద మబ్బులు కుప్పపడేవి. ఆవిడ వాటిని చూసేది, నన్ను చూసేది. ఒక సాయంత్రం చినుకులు రాలాయి. పైన కొయ్య తడిసి, మర్నాటి ఎండకు మళ్ళీ ఆరింది. ఆ రాత్రి వాళ్ళింట పొయ్యి వెలిగిందో లేదో నేను అడగలేదు.

సంత ఇంక దగ్గరపడిందనగా అసలు గండం వచ్చింది. నేను పొద్దుటి నుంచి ఎండలో గొప్పు పట్టి, దిగివచ్చి, అరుగు మీద చతికిలబడ్డాను. ఊరి పెద్ద రోజూ వచ్చినట్టే వచ్చాడు, నా నుదుటి మీద చెయ్యి వేశాడు. వెంటనే తీసేశాడు.

"కాగిపోతంది" అన్నాడు.

నాలుగు పక్కల నుంచీ జనం లేచారు. నేను నోరు తెరిచాను. కానీ జ్వరం ఉన్నవాడు జ్వరం లేదని వాదిస్తే ఎవరు వింటారు? నాకే అనుమానం వచ్చింది, నిజంగానే ఒళ్ళు తేడాగా ఉందేమోనని. మాస్టారు పెదవులు కొరుక్కుంటున్నారు.

ఆవిడ నీళ్ళకుండ కింద పెట్టి ముందుకు వచ్చింది.

"మావా, ఎండలో పడున్న రాయి ముట్టుకో. అదీ కాగుతాది. రాయికీ జొరమొచ్చినాదా? ఈయన్ని నీడలో కూకోబెట్టు. నువ్వూ నీడలో కూకో. తరవాత మళ్ళీ ముట్టు. ఆ పక్కనే ఈ మాస్టారినీ ముట్టు, నీ కొడుకునీ ముట్టు. ఈయనొక్కడే కాగితే అప్పుడు సెప్పు."

పెద్ద ఆలోచించాడు. న్యాయంగానే తోచినట్టుంది. అందరం చింతచెట్టు నీడన కూర్చున్నాం. కొంతసేపటికి అతను లేచి ముందు మాస్టారి నుదురు ముట్టాడు, తన కొడుకుది ముట్టాడు, తన నుదురు తానే ముట్టుకున్నాడు, చివరికి నాది. మళ్ళీ ఒకసారి అందరివీ ముట్టాడు.

"అందరిదీ ఒక్కలాగే ఉంది" అన్నాడు. కొంచెం నిరాశ పడ్డాడేమో కూడా. ఆవిడ కుండ ఎత్తుకుని ఏమీ జరగనట్టు వెళ్ళిపోయింది. వాళ్ళ గుమ్మం దగ్గరికి చేరాక మాత్రం మొగుడి వీపు మీద చరిచి పకపకా నవ్వడం విన్నాను. నేను ఎన్ని సభల్లో గెలిచినా అంత నవ్వు నాకెప్పుడూ రాలేదు.

సంత రోజున నాకు జ్వరం లేదు. పెద్ద మాట తప్పలేదు. పేలికలన్నీ నా చేతే విప్పించి, నరికిన కొయ్య మీద వేయించాడు. ఆవిడ, మొగుడు వాలు దిగువ నుంచి నిప్పు పెట్టారు. ఊరంతా కొమ్మలు పట్టుకుని గెడ్డ వెంట కాపు కాసింది, మా చెక్కుడు బారు దాటి రాలిన నిప్పురవ్వలను కొట్టడానికి. మంట ఎక్కి వచ్చినప్పుడు మాస్టారు కళ్ళు మూసుకున్నారు. మంట బారు దగ్గర ఆగింది. పైకొసన గాలి తిరిగిన చోట కొన్ని పొదలు మాడిపోయాయి. మాస్టారు వాటి దగ్గర నిలబడి, "పోనీ" అన్నారు. ఆయన ఆ మాట అనడానికి ఎంత కష్టపడ్డారో నాకు తెలుసు. మిగతావి మసిబారి, ఆకులు వడిలి, అలాగే నిలబడి ఉన్నాయి. నాలుగు రోజులు తిరక్కుండా వాన పడింది. అప్పటికి మేము ఘాటీ దిగుతున్నాం.

ఇంటికి చేరాక నాకు జ్వరం వచ్చింది. చలి, వణుకు, దంతాలు టకటకలాడడం, అచ్చమైన మన్యం జ్వరం. మంచంలో ముసుగుతన్ని పడుకుని, ఇది ఇంకాస్త ముందొచ్చి ఉంటే ఆవిడ గతి ఏమయ్యేదని తలుచుకుంటే చలి ఇంకాస్త ఎక్కువయ్యేది. దీని గురించి నేను పత్రికకు రాయలేదు. రాస్తే మూఢనమ్మకం మీద గెలుపని రాయాలి. గెలిచింది తర్కం కాదు. కొంత కొయినా, కొంత అదృష్టం, ఒక మనిషి తన పొలం కోసం పడ్డ తాపత్రయం. అయితే ఆ ఎండలో, మళ్ళీ ముట్టి చూడమని ఆవిడ పెద్దని నిలదీసినప్పుడు మాత్రం, నేను సభల్లో ఇన్నేళ్ళుగా అడుగుతూ వచ్చింది ఎవరో మొదటిసారి విన్నట్టనిపించింది. ఆవిడ నా దగ్గర వినలేదు. అందుకే మరీ సంతోషం.

కార్తీకంలో గింజల కోసం మళ్ళీ వెళ్ళాం. వాలంతా చోళ్ళు కోతకు వచ్చి ఉన్నాయి, కంది ఏపుగా పూత మీద ఉంది. గెడ్డ వెంట మసి కొమ్మల మొదళ్ళ నుంచి పొదలు కొత్త చిగురు వేశాయి. పాత కొమ్మలకు అక్కడక్కడా కాయలు. మాస్టారు వాటిని ఒక్కొక్కటే రుమాల్లోకి కోసుకున్నారు, ప్రతి పొద మీదా సగానికి మించి వదిలేస్తూ.

నేను ఆవిడకు దాచకుండా చెప్పాను. "ఇంటికి పోయాక నాకు జ్వరం వచ్చిందమ్మా."

కొడవలి ఆపి చూసింది. "మా ఊళ్ళో రాలేదు కదా?"

"రాలేదు. కానీ అది ఇక్కడి దోమ పెట్టిందే."

"అయితే దోమదే. గుడ్డది కాదు. నువ్వే కదా సెప్పినావు?" అంది. ఒక్క క్షణం ఆగి, "మావకి మాత్రం సెప్పకు. ఆయనకి దోమ సంగతి సెప్పడానికి నాకు ఇంకో ఏడు పడతాది" అంది.

ఆ మధ్యాహ్నం ఆ వాలు మీద పండిన చోళ్ళ అంబలి పోసింది. మొగుడు ఉప్పూ పచ్చిమిరపకాయా తెచ్చాడు. తాగుతుండగా ఆవిడ అవతలి కొండ చూపించింది. అది ఇంకా నరకలేదు, పచ్చగా ఉంది.

"వొచ్చే ఏడు మా సెల్లెలోల్లు అది కొడతారు. మీ కంపలు ఆడున్నాయేటో ఇప్పుడే సూసుకోండి. గొడ్డలి పడినాక వొచ్చి గోలెట్టొద్దు. లేవండి, ఎండ తగ్గకముందే బేగి ఎల్లొచ్చేద్దాం."

మాస్టారు అంబలి సగంలోనే దొప్ప కింద పెట్టి లేచారు. ఆవిడ కసురుకుని, అదంతా తాగించి గానీ కదలనివ్వలేదు. తరవాత ముగ్గురం అవతలి కొండ ఎక్కడం మొదలుపెట్టాం, ఆవిడ ముందు, మాస్టారు వెనక, వాళ్ళిద్దరి వెనక ఆయాసపడుతూ నేను.